బొమ్మ అందరిది కావాలంటే: పాలమూరు, నల్గొండల్లో సామూహిక కళకు మనుషులు ఎందుకు దొరకడం లేదు

నల్గొండ, పాలమూరు పల్లెల్లో చిరుతల రామాయణం (చేతుల్లో చిరుతలు వాయిస్తూ ఆడి పాడే రామాయణం) నేర్చుకునేవాళ్లకు ఎవరూ కూలి ఇవ్వరు. పైగా వాళ్లే తలా ఇంత వేసుకుని గురువుకు ఇచ్చుకుంటారు. పగలంతా పొలం పనిచేసి, రాత్రి అన్నం తిన్నాక గుడి ముందో బడి ఆవరణలోనో చేరి, వారాల తరబడి అడుగులూ పాటలూ నేర్చుకుంటారు. ముఖ్యమైన వేషాల కోసం పోటీ పడతారు. ఆట రోజు ఊరంతా చాపలు తెచ్చుకుని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటుంది. ఆడేవాళ్లు వృత్తి కళాకారులు కారు. రైతులు, ట్రాక్టర్ డ్రైవర్లు, మేస్త్రీలు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు.

అదే ఊళ్లో బడి గోడ మీద ఊరి చరిత్రను అందరం కలిసి బొమ్మగా వేద్దాం రమ్మని పిలిస్తే సంగతి వేరుగా ఉంటుంది. మొదటి రోజు ఫోటోకు జనం బాగానే వస్తారు. రెండో రోజు పిల్లలు వస్తారు. మూడో రోజుకు పిలిచినవాళ్లే మిగులుతారు. గోడ బొమ్మలు, ఊరి జ్ఞాపకాల సేకరణ, అందరూ కలిసి కుట్టే బొంతలు, వీధి నాటకాలు... ఇట్లాంటి పని తలపెట్టిన వాళ్లకు ఈ వరస బాగా తెలుసు.

దీనికి సులువుగా చెప్పేసే కారణం ఒకటుంది. జనానికి కళ మీద ఆసక్తి లేదని, అందరూ ఫోన్లలో మునిగిపోయారని. ఈ మాట నిలబడదు. పొద్దున్నే తంగేడు, గునుగు తెంపుకొచ్చి బతుకమ్మను వరసలు వరసలుగా పేర్చే ఊరికి ఆసక్తి లేదనడం అన్యాయం. మనుషులు రాకపోవడానికి కారణాలు పిలిచే తీరులోనూ, పనిని కట్టిన తీరులోనూ ఉన్నాయి. చిరుతల రామాయణానికి చేరే మనిషికి ముందే కొన్ని సంగతులు తెలుసు. తన వేషం ఏదో తెలుసు, ఎన్నాళ్లు నేర్చుకోవాలో తెలుసు, ఆడే రాత్రి ఎదురుగా ఎవరు కూర్చుంటారో తెలుసు. గోడ బొమ్మకు పిలిచేవాళ్లు ఇందులో ఒక్కటీ చెప్పరు. "మీకు తోచిన సాయం చేయండి" అంటారు. తోచిన సాయం అంటే ఏం చేయాలో తెలియక మనిషి ఇంటి దగ్గరే ఉండిపోతాడు.

కూలి, కాలం

ఒక రోజు ఉచితంగా ఇమ్మని అడిగితే ఆ భారం అందరి మీదా ఒకేలా పడదు. జీతమున్న టీచర్‌కు ఒక ఆదివారం పోతుంది. రోజు కూలీకి ఆ రోజు ఇల్లు గడిచే డబ్బు పోతుంది. ఉపాధి హామీ పథకం కింద 2025-26కు తెలంగాణలో నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఈ లెక్కనే తీసుకున్నా, కూలి చేసుకునే ఆమెను మూడు రోజులు గోడ దగ్గరికి రమ్మనడం అంటే 921 రూపాయల చందా అడగడమే. చందాకు పోయినప్పుడు ఎవరైనా ఇంటి పరిస్థితి చూసి అడుగుతారు. సమయం అడిగేటప్పుడు మాత్రం ఆ ఆలోచన రాదు. నిర్వాహకుల్లో ఎక్కువమంది నెల జీతగాళ్లు, లేదంటే హైదరాబాద్ నుంచి శని, ఆదివారాల్లో వచ్చిపోయేవాళ్లు. రోజు పోతే ఏం పోతుందన్నది వాళ్ల అనుభవంలో లేదు.

ఆ తర్వాత కాలం సంగతి. జూన్, జూలైల్లో విత్తనాలు, ఆపైన నాట్లు, కలుపు. దసరా దాటితే పత్తి ఏరుడు మొదలవుతుంది. నల్గొండ జిల్లాలో ఆ రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే వంట ముగించి ఆటోలెక్కి పోతారు, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద డిసెంబర్, జనవరిల్లో యాసంగి నాట్లు. ఏప్రిల్, మే నెలల్లో కోతలు, వడ్లు కొనే ఐకేపీ కేంద్రాల్లో కుప్పల దగ్గర కాపలా, మబ్బు పడితే టార్పాలిన్ల కోసం ఉరుకులాట. పాలమూరు లెక్క ఇంకో తీరు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు అందిన చోట వలస తగ్గింది. అందని చోట, ముఖ్యంగా నారాయణపేట, కొడంగల్ వైపు తండాల్లో, పండుగలు దాటాక ముంబై, పుణె పోయి తొలకరికి తిరిగొచ్చే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ నెలల్లో ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిపెట్టిన పిల్లలు. వలస మీద బొమ్మ వేద్దామని జనవరిలో ఆ ఊరికి పోతే వలస పోయినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ప్రాజెక్టు నడిపేవాళ్ల కాలం మరో లెక్కలో పోతుంది. గ్రాంటు డబ్బు మార్చి 31లోపు ఖర్చు కావాలి కాబట్టి ఫిబ్రవరి చివరనో మార్చిలోనో హడావుడి పడతారు. అప్పటికి ఇంటర్, పదో తరగతి పిల్లలకు పరీక్షల టెన్షన్. లేదంటే బడికి సెలవులని మే నెలలో పెడతారు. నల్గొండలో 44 డిగ్రీల ఎండలో గోడ పక్కన మధ్యాహ్నం ఎవరూ నిలబడలేరు, నిలబడినా రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. వానాకాలంలో గోడ తడిగా ఉంటే ప్రైమర్ పట్టదు, మీద వేసిన ఎమల్షన్ పొక్కి రాలుతుంది. ఇవన్నీ తీసేస్తే మెట్ట ప్రాంతాల్లో గోడకూ మనిషికీ ఇద్దరికీ వీలయ్యేది సంక్రాంతి తర్వాతి నాలుగైదు వారాలు. అందులోనూ మాఘమాసం పెళ్లిళ్లు, చెరువుగట్టు, మన్యంకొండ జాతరలు ఉంటాయి. ఈ నాలుగైదు వారాలను ముందే ఊరితో మాట్లాడి పెట్టుకోకపోతే, ఎంత మంచి ఆలోచన అయినా ఖాళీ గోడ ముందు ఆగిపోతుంది.

డబ్బు ఇస్తే స్వచ్ఛందం ఎట్లా అవుతుందని ఒక వాదన ఉంది. పని పాడవుతుందని, డబ్బు కోసమే వస్తారని భయపడతారు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జుడిత్ బాకా 1970లలో మొదలుపెట్టిన అర మైలు గోడ చిత్రం సామూహిక కళకు పెద్ద ఉదాహరణగా అందరూ చెప్తారు. 400 మందికి పైగా యువత అందులో పనిచేశారు. పేద పేటల నుంచి వచ్చిన ఆ పిల్లల్లో చాలామందికి వేసవి ఉపాధి కింద డబ్బు ఇచ్చారు. దానివల్ల ఆ గోడ వాళ్లది కాకుండా పోలేదు. ఇక్కడైనా కూలి చేసుకునేవాళ్లకు రోజు కూలి ఇవ్వడం, జీతమున్నవాళ్లు ఉచితంగా రావడం తప్పేమీ కాదు. ఎవరికి ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో ముందే అందరి ముందూ చెప్తే గొడవ రాదు. చాటుగా కొందరికి ఇస్తేనే మిగతావాళ్లు మొహం చాటేస్తారు.

కళ ఎవరి పని?

కూలి, కాలం లెక్కలు సర్దుకోవచ్చు. దీనికంటే లోతైన చిక్కు ఒకటుంది, దాన్ని చాలామంది నిర్వాహకులు గమనించరు. ఈ ప్రాంతంలో కళ చాలాకాలం కులాల మధ్య పంచుకున్న పనిగా నడిచింది. డక్కలివాళ్లు కిన్నెర మీటుతూ మాదిగలకు వాళ్ల పురాణం చెప్పేవాళ్లు, ప్రతిఫలం తీసుకునేవాళ్లు. చిందువాళ్లు యక్షగానం ఆడేవాళ్లు. ఏ ఊళ్లు ఎవరివో పంపకం ఉండేది, ఏడాదికి గింజలో డబ్బో రావాల్సిన హక్కు ఉండేది. అడుక్కోవడంగా పైవాళ్లు చూసినా, కళాకారుల లెక్కలో అది హక్కు. ఆ పద్ధతిలో ఒక వర్గం ఆడుతుంది, పాడుతుంది. మిగతా ఊరు చూస్తుంది, ఇస్తుంది.

దీని ప్రభావం ఇవాళ్టి ప్రాజెక్టుల మీద రెండు వైపులా పడుతుంది. ఒకటి, చేతిలో విద్య ఉన్నవాళ్లను ఉచితంగా రమ్మనడం వాళ్ల బతుకుతెరువు మీద చేయి వేయడం. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్యకు 12 మెట్ల కిన్నెరకు గాను 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద ప్రాంతానికి చెందిన దాసరి కొండప్పకు బుర్రవీణకు 2024లో వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొగిలయ్య కూడా కూలి పనికి పోవాల్సి వచ్చిందని 2024లో పత్రికలు రాశాయి. పద్మశ్రీ వచ్చిన మనిషి పరిస్థితే అది. అట్లాంటప్పుడు "కళాసేవ" పేరుతో పల్లెలో పేరు లేని వాయిద్యకారుణ్ణి ఉచితంగా పిలవడం ఎంత కష్టమైన అడుగుడో ఊహించవచ్చు. అతను రాకపోతే ఆసక్తి లేదనుకుంటారు.

పట్టణాల్లో ఇదే స్థితి సైన్‌బోర్డు ఆర్టిస్టులది. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి బజార్లలో దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, సినిమా బ్యానర్లు, ఎన్నికల గోడ రాతలు రాసి బతికిన చేతులు అవి. ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చాక ఆ పని పోయింది. కొందరు ఇళ్లకు సున్నాలు, రంగులు వేసే పనిలోకి మారారు. గోడ మీద పెద్ద అక్షరం తాడు పట్టి తిన్నగా దింపడం, దూరం నుంచి చూస్తే ముక్కు ఎంత ఉండాలో అంచనా వేయడం వీళ్లకు వచ్చినంతగా ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలకు రాదు. సామూహిక చిత్రానికి మొదట పట్టుకోవాల్సింది వీళ్లను, మొదట డబ్బు ఇవ్వాల్సిందీ వీళ్లకే. చిరుతల రామాయణంలోనూ గురువు ఉచితంగా నేర్పడు కదా. నేర్చుకునేవాళ్లు స్వచ్ఛందంగా రావాలంటే నేర్పేవాడి పొయ్యి వెలగాలి.

రెండో ప్రభావం, కళ తన పని కాదనుకునేవాళ్ల మీద. గోడ దగ్గరికి రమ్మంటే పల్లె ఆడవాళ్లు సాధారణంగా చెప్పే మాట "మాకు బొమ్మలు రావు". ఈ మాట అనే ఆమె సంక్రాంతికి ఇంటి ముందు 15 చుక్కలు, మధ్య చుక్క, 8 వరకు పెట్టి, ఎక్కడా తడబడకుండా తామర పూల ముగ్గు వేస్తుంది. కొలబద్ద లేకుండా, చెరిపే వీలు లేకుండా, పిండి వేళ్ల మధ్య నుంచి ఒకే మందంలో జార్చుతూ. అది గోడ చిత్రకారుడికి కూడా సులువుగా రాని విద్య. కానీ ఆమెను అట్లా అడిగినవాళ్లు లేరు. "డ్రాయింగ్ వచ్చా?" అని అడిగారు. "ఈ అంచు పొడవునా ముగ్గు కావాలి, మీ వీధి ముగ్గులు ఏవి?" అని అడిగితే పక్కింటి ఆమెను కూడా పిలుచుకుని వస్తుంది.

గోడ ఏ వీధిలో ఉందన్నది కూడా తేలిక విషయం కాదు. ఊరి నడుమ, పెద్ద కులాల ఇళ్ల దగ్గరి గోడ ఎంచుకుంటే ఎస్సీ వాడ ఆడవాళ్లు రారు. వాడలోని గోడ ఎంచుకుంటే అవతలి వీధి వాళ్లు "మనకెందుకులే" అంటారు. టీ గ్లాసులు ఎక్కడ కడుగుతారు, అన్నం ఎవరు వండుతారు అన్నది ఇంకా పట్టింపు ఉన్న ఊళ్లలో బయటికి మాట లేకుండానే మనుషుల్ని తగ్గిస్తుంది. బడి గోడ, బస్టాండు, సంత జరిగే స్థలం ఇందుకు కొంత నయం. అందరూ ఎట్లాగూ పోయేచోట్లు అవి. కురుమూర్తి జాతరలో స్వామికి ఉద్దాలు (పాదరక్షలు) వడ్డెమాన్‌లో దళిత కుటుంబాలు ఉపవాసం ఉండి చేస్తాయి, నగలు ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా వస్తాయి. ఎవరి భాగం వాళ్లకు ఉంది కాబట్టి పిలుపు లేకుండానే పని జరిగిపోతుంది. ఆ భాగాలకు సమానమైన మర్యాద ఉందా అంటే అది వేరే చర్చ. కొత్తగా చేసే పనిలో ఆ సమాన మర్యాద ఇచ్చే అవకాశం ఉంది. భాగాలు పెట్టుకోవచ్చు, వాటిని కులం ప్రకారం కాకుండా ఇష్టం ప్రకారం పంచుకోవచ్చు. అంతకు ముందు, పంచేటప్పుడు అందరూ ఒకే చోట కూర్చునే ఏర్పాటు చూడాలి. ఇదే అసలు కష్టం, దీనికి బొమ్మ వేయడం కంటే ఎక్కువ రోజులు పట్టినా పట్టనీయాలి.

వాట్సాప్‌లో వచ్చినవాళ్లు

ఇప్పుడు మనుషుల్ని కూడగట్టడం అంటే వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెట్టడం అయిపోయింది. వందల మంది ఉన్న గ్రూపులో బొటనవేలు గుర్తులు, దండాలు, "సూపర్ అన్నా"లు వరసగా పడతాయి. వాటిని లెక్కపెట్టుకుని బ్రష్‌లు కొంటే నష్టపోతారు. పెద్ద గుంపులో ఒక్కొక్కరూ మిగతావాళ్లు చూసుకుంటారులే అనుకోవడం సహజమని, చిన్న గుంపుల్లోనే పని కదులుతుందని ఆర్థికవేత్త మాన్కర్ ఓల్సన్ 1965లోనే వాదించాడు. గ్రూపు పెద్దదయ్యే కొద్దీ "నేను పోకపోతే పని ఆగుతుంది" అన్న భావన ఎవరికీ రాదు.

తెలిసిన మనిషి ఎదురుగా వచ్చి అడిగితే వచ్చేవాళ్లు చాలా ఎక్కువ. స్వచ్ఛంద సేవ మీద పరిశోధన చేసినవాళ్లు చాలాకాలంగా చెప్తున్న సంగతే ఇది. పల్లెలో అది ఇంకా నిజం. "రేపు రా" అనడం కంటే "అక్కా, మీ అత్త పాడే నాట్ల పాట నాకు కావాలి, గురువారం పొద్దుగూకాక మీ ఇంటికొస్త" అనడం పనిచేస్తుంది. అందులో ఆమె ఏం ఇవ్వాలో ఉంది, ఎప్పుడో ఉంది, అది ఆమె దగ్గరే దొరుకుతుందన్న గౌరవం ఉంది.

ఈ అడిగే పనిని ఎవరికి అప్పగిస్తారన్నది చూసుకోవాలి. ప్రభుత్వ పథకమైనా, స్వచ్ఛంద సంస్థ సర్వే అయినా, అందరూ మొదట పట్టుకునేది ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య లీడర్‌ను. ఊరంతా వాళ్ల మాట వింటుంది, నిజమే. కానీ వాళ్ల మీద ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లు, మీటింగుల బరువు ఉంది. బొమ్మల పని కూడా తలకెత్తితే మొహమాటానికి ఒప్పుకుని, సంఘం ఆడవాళ్లను హాజరు కోసం తోలుకొస్తారు. సంఘంలో లోన్ తీసుకున్న ఆమె రాకపోతే ఏమవుతుందో అని వస్తుంది. అట్లా వచ్చినవాళ్లు ఫోటో దిగేదాకా ఉంటారు.

విద్యార్థుల విషయంలోనూ ఇట్లాంటి ఇబ్బందే. జాతీయ సేవా పథకం 1969 నుంచి నడుస్తోంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం పూర్తి చేయాలి. నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ పరిధిలో కాలేజీలు చాలా ఉన్నాయి కాబట్టి మనుషులు కావాలంటే మొదట చూపు అటే పోతుంది. పిల్లలు ఉత్సాహంగా వస్తారు, అందులో లోటు లేదు. చిక్కు వేరే చోట వస్తుంది. టీషర్టులు వేసుకుని బస్సులో దిగిన బృందం గోడను ఆక్రమిస్తే ఊరివాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తారు. "కాలేజీ పిల్లలు చేస్తున్నరు గదా" అని తప్పుకుంటారు. వారం అయ్యాక పిల్లలు పోతారు, ఊరికి సగం గోడ మిగులుతుంది. ఆ ఊరికి చెందిన విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ బస్సుపాసుతో పోయొచ్చే విద్యార్థులు నలుగురు దొరికితే, బయటి నుంచి వచ్చే ఒక బస్సు కంటే మేలు. గంటల లెక్క వాళ్లకూ రాసి ఇవ్వొచ్చు.

చదువు ముగించి పోటీ పరీక్షలకు తయారవుతున్న యువకులు మరో వర్గం. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ నోటిఫికేషన్ల మధ్య వాళ్ల జీవితం వేలాడుతూ ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే కోచింగ్ కోసం హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ పోతారు. వాళ్లను ఆరు నెలల పనికి నమ్ముకోవడం వాళ్లకూ ఇబ్బందే. ఒక సాయంత్రం, ఒక ఆదివారం అని అడిగితే వస్తారు.

పనిని ముక్కలు చేయడం

వంద అడుగుల గోడ దగ్గర ఒక మనిషి బ్రష్‌తో పనిచేయడానికి నాలుగైదు అడుగుల జాగా కావాలి. అంటే ఒకేసారి ఇరవై, ఇరవై ఐదు మందికి మించి పట్టరు. మొదటి రోజు అరవై మంది వస్తే ముప్పై ఐదు, నలభై మందికి చేతిలో పని ఉండదు. పని లేకుండా నిలబడి ఇంటికి పోయిన మనిషి రెండోసారి రాడు. పైగా మొదటి రెండు మూడు రోజుల్లో బొమ్మ పనే ఉండదు. పాత రంగు గీకడం, పగుళ్లు పూడ్చడం, ప్రైమర్ కొట్టడం, అది ఆరేదాకా ఆగడం. రంగుల కలతో వచ్చినవాళ్లకు దుమ్ము, గరుకు కాగితం చేతికిస్తే ఉత్సాహం అక్కడే చస్తుంది. ఈ భాగాన్ని కూలి ఇచ్చి పెయింటర్లతో ముందే చేయించి, గోడ సిద్ధమయ్యాక జనాన్ని పిలవడం మంచిది. ఖర్చు అవుతుంది, కానీ మనుషులు మిగులుతారు.

పనిని మనిషి దగ్గరికి పంపే పద్ధతులు కూడా ఉన్నాయి. ఫిలడెల్ఫియా నగరంలో 1984 నుంచి నడుస్తున్న గోడ చిత్రాల కార్యక్రమంలో పలుచని గుడ్డ ముక్కల మీద బొమ్మను భాగాలుగా గీసి, ఏ గడిలో ఏ రంగో నంబర్ వేసి, బడులకు, వృద్ధాశ్రమాలకు, జైళ్లకు కూడా పంపుతారు. అక్కడివాళ్లు కూర్చున్న చోటే రంగులు నింపుతారు. తర్వాత ఆ ముక్కల్ని తెచ్చి గోడకు అంటిస్తారు. నిచ్చెన ఎక్కలేనివాళ్లు, ఇల్లు కదలలేనివాళ్లు కూడా బొమ్మలో ఉంటారు. ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా అమెరికాలో 1987లో మొదలైన బొంత అయితే చాలావరకు ఎవరి చోట వాళ్లు కుట్టిన ముక్కలతోనే తయారైంది. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు అని ఒక కొలత చెప్పారు, అంతే. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు, స్నేహితులు ఎవరికి వాళ్లు కుట్టి పంపారు. కొలత ఒకటే, లోపలి బొమ్మ ఎవరిది వాళ్లదే.

ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఫిలడెల్ఫియా దాకా పోనక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక చేనేత ఇళ్లలో ఇకత్ డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా వేసుకుంటారు. ఏ గడికి ఎన్ని పోగులు, ఏ రంగు అని చూసి కట్లు కడతారు, అద్దుతారు. ఇంటిల్లిపాది పనిలో తలా ఒక భాగం చేస్తారు, అన్నీ కలిసి మగ్గం మీదికి వచ్చాకే బొమ్మ కనిపిస్తుంది. గడి చదవడం వచ్చిన మనుషులు ఒక జిల్లాలో ఇంతమంది ఉన్న చోట గోడ బొమ్మను గళ్లుగా విడగొట్టి పంచడం కష్టం కాదు. పాత చీరలతో బొంతలు కుట్టే అలవాటు ఇంకా ఉంది. వలస పోయే కుటుంబం ఒక బొంత ముక్కను తనతో పుణె తీసుకుపోయి అక్కడ కుట్టి తెచ్చినా ఊరి పనిలో భాగమే. మనిషి ఊళ్లో లేని నెలల్ని ఇట్లా దాటవచ్చు.

బ్రష్ పట్టుకోవడం ఒక్కటే పాల్గొనడం అనుకోకూడదు. పాత ఫోటోలు అడిగి తెచ్చేవాళ్లు, ముసలివాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసేవాళ్లు, రంగులు కలిపేవాళ్లు, పరంజా కట్టేవాళ్లు, రోజు సామాను లెక్క చూసేవాళ్లు కావాలి. మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు వాళ్లకు వచ్చిన పనినే అడగడం మర్యాద. ఆడవాళ్లకు పనివేళలు వేరేగా పెట్టాలి. పత్తి సీజన్ కాని రోజుల్లో పదకొండు నుంచి మూడు దాకా వాళ్లకు కొంత వెసులుబాటు, సాయంత్రం ఏమాత్రం ఉండదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి పెట్టి ఆడవాళ్లు రాలేదనడంలో అర్థం లేదు. బడి గోడ అయితే బాత్రూం తాళం తీసి ఉంచాలి. ఈ చిన్న ఏర్పాటు లేక ఆడవాళ్లు గంటకే వెళ్లిపోతారు, కారణం ఎవరికీ చెప్పరు.

ఎవరి కథ గీస్తున్నారు?

నల్గొండలో నీళ్ల మీద బొమ్మ అంటే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన ఎముకలతో బతికిన మనుషుల దగ్గరికి దశాబ్దాలుగా ఎందరో వచ్చారు. శాస్త్రవేత్తలు వచ్చారు. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని ఈ జిల్లా పేరే పెట్టారు. పత్రికలవాళ్లు, నాయకులు, డాక్యుమెంటరీ తీసేవాళ్లు వచ్చారు. ఫోటోలు తీసుకుపోయారు. 2015లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు, తర్వాత నల్లా నీళ్లు వచ్చాయి. ఇప్పుడు ఒక కళా బృందం పోయి "మీ కథను గోడ మీద గీస్తాం, రండి" అంటే ఆ మనుషులు ముందుకు రాకపోవడంలో తప్పేముంది? తమ ఒంటిని మళ్లీ ఒకసారి చూపించమంటున్నారనే వాళ్లకు అనిపిస్తుంది. వాళ్లు గీయాలనుకునేది వంగిన కాళ్లు కాకపోవచ్చు. చెరువు కావచ్చు, సైకిల్ మీద క్యాన్లలో మోసుకొచ్చిన నీళ్లు కావచ్చు, పిల్ల పెళ్లి కావచ్చు.

చాలా ప్రాజెక్టుల్లో స్కెచ్ ముందే తయారై వస్తుంది. గ్రాంటు దరఖాస్తులో డిజైన్ చూపించాల్సి ఉంటుంది కాబట్టి హైదరాబాద్‌లోనే గీసేస్తారు. ఊరివాళ్లకు మిగిలేది రంగు నింపడం. ఆ పనికి ఊరు ఎందుకు రావాలి? ఇంకొకరు గీసిన గీతల మధ్య రంగు వేయడానికి పెయింటర్‌కు కూలి ఇస్తారు, మాకెందుకు ఇవ్వరని అడిగితే జవాబు లేదు. మున్సిపాలిటీలు స్వచ్ఛ సర్వేక్షణ్ (పట్టణాల శుభ్రతకు ఇచ్చే ర్యాంకులు) కోసం గోడల మీద వేయించే బొమ్మల వల్ల ఈ అనుమానం ఇంకా బలపడింది. గోడ మీద రంగు పడుతోందంటే ఎక్కడో బిల్లు అవుతోందని జనం అనుకుంటారు. ప్రాజెక్టు ఖర్చు లెక్కను పెద్ద అక్షరాలతో రాసి గోడ పక్కనే అంటిస్తే ఈ అనుమానం చాలావరకు పోతుంది.

1940లలో ఇదే నల్గొండ పల్లెల్లో కమ్యూనిస్టు ఉద్యమ సాంస్కృతిక సంఘం ప్రజానాట్యమండలి దళాలు తిరిగాయి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల (గొల్లలు పాడుతూ కథ చెప్పే తీరు) రూపాన్ని తీసుకుని దొరల వెట్టి మీద పాటలు కట్టాడు. ఆ పాటల్ని గొంతులోకి తీసుకున్నవాళ్లు డబ్బుకు రాలేదు, పట్టుబడితే దెబ్బలు తినాల్సి వచ్చే రోజుల్లో పాడారు. వెట్టి వాళ్లదే, పాట కూడా వాళ్లదే అయింది. ఇవాళ్టి ప్రాజెక్టుకు అంత తీవ్రత ఉండాలని కాదు. ఏం గీయాలో తేల్చే సభలో ఊరు ఉంటే చాలు. ఆ సభలో గొడవలు వస్తాయి. ఏ నాయకుడి బొమ్మ ఉండాలి, ఏ రంగు ఎక్కువైతే ఏ పార్టీ అంటారు, గుడి పెద్దగా ఉండాలా దర్గా పక్కన ఉండాలా అని. ఈ గొడవల్ని తప్పించుకోవడానికే నిర్వాహకులు సీతాకోకచిలుకలు, చెట్లు, "చెత్త వేయరాదు" గీయించి ఊపిరి పీల్చుకుంటారు. అట్లాంటి గోడ మీద ఎవరికీ కోపం ఉండదు, ప్రేమా ఉండదు. పనికి మనుషులూ రారు.

పేర్ల సంగతి కూడా ఇందులోదే. శిలాఫలకం మీద ఎమ్మెల్యే, సర్పంచ్, దాతల పేర్లు చెక్కడం అలవాటైన చోట, గోడ చివర ముగ్గు వేసిన ఆమె పేరు, కథ చెప్పిన ముసలాయన పేరు, అన్నం వండినవాళ్ల పేర్లు ఒకే సైజు అక్షరాల్లో రాస్తే ఊరు వాటిని ఆగి చదువుతుంది. ఇంటి పేరుతో సహా అడిగి, వాళ్లే చూసి సరే అన్నాక రాయాలి. తర్వాతి గోడకు పిలిచినప్పుడు ఎవరు వస్తారన్నది చాలావరకు ఈ పేర్ల దగ్గర తేలిపోతుంది.

మరి ఆ గోడ ఎన్నాళ్లు ఉంటుంది? ఎండ పడే గోడ మీద ఎమల్షన్ కొన్నేళ్లకు వెలిసిపోతుంది. కింది భాగం అంతకంటే ముందే, తడికి, పిల్లల కాళ్లకు పాడవుతుంది. వెలిసిపోయిన తమ బొమ్మను రోజూ చూస్తున్న ఊరు రెండో పిలుపుకు పలకదు. మిగిలిన రంగు డబ్బాలు, రంగుల నంబర్లు బడిలో ఉంచి, ఊళ్లో ఉన్న సైన్‌బోర్డు ఆర్టిస్టుకు ఏడాదికి ఒకసారి మరమ్మతు పని అప్పగించాలి. ఆ డబ్బును మొదటి బడ్జెట్‌లోనే పక్కన పెట్టాలి, ప్రారంభోత్సవం అయిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు.